క్రైస్తవ విశ్వాసి నిర్మలమైన మనస్సాక్షితో యోగా చేయవచ్చునా?

తూర్పుగాలి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ వందనాలు. నేను ప్రకాశం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మా కుటుంబం మూడు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉంది. ఏటా జూన్ 21న మా బడి ఆవరణలో యోగా దినోత్సవం జరుగుతుంది. ఈసారి పిల్లల చేత సాధన చేయించే బాధ్యతను ప్రధానోపాధ్యాయులు వ్యాయామ ఉపాధ్యాయునితో పాటు నాకు కూడా అప్పగించారు. ఇంతకాలం వెనుక వరుసలో ఉండి హాజరు చూసుకున్నదాన్ని, ఇప్పుడు అందరి ముందూ నిలబడవలసి వచ్చింది.

నన్ను ఆలోచనలో పడవేసింది ఆసనాలు కావు. పోయినసారి కార్యక్రమం మైకులో సంస్కృత ప్రార్థనతో మొదలైనప్పుడు, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చేతులు జోడించకుండా ఒడిలో పెట్టుకొని, అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు చూసింది. ఆమె తల్లి మా సంఘానికి రావడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. నేను జోడిస్తే ఆ పిల్ల జోడిస్తుంది, నేను మానితే మానుతుంది. నా చేతుల్లో హాజరుపట్టీ ఉండబట్టి ఆ రోజు ఎటూ తేల్చుకోవలసిన అవసరం రాలేదు. ఈసారి నా చేతుల్లో ఏమీ ఉండదు.

మా సంఘ కాపరి అయ్యగారు యోగా పూర్తిగా వద్దంటున్నారు. మా అన్నయ్య డాక్టరు సలహాతో నడుము నొప్పికి రోజూ ఆసనాలు వేస్తాడు, ఆదివారం ఆరాధన ఒక్కటీ మానడు. ఇద్దరి విశ్వాసం మీదా నాకు గౌరవం ఉంది. కోపాలు లేకుండా, వాక్యాధారంతో, యోగా గురించి నిజంగా తెలిసినవారు చెబితే వినాలని అడుగుతున్నాను.

పల్నాటి కాపరి

సహోదరీ, వందనాలు. నేను ఒక గ్రామ సంఘానికి కాపరిని. వద్దనే నేను కూడా చెబుతాను, అయితే కారణం చెప్పకుండా వద్దనడం కాపరికి తగదు.

యోగా ఒట్టి వ్యాయామమే అనేవారు ఒకసారి పతంజలి యోగసూత్రాలు తెరిచి చూడాలి. సుమారు 195 సూత్రాలున్న ఆ గ్రంథంలో ఆసనాన్ని గురించి చెప్పినవి మూడే. మిగిలినదంతా చిత్తవృత్తులను నిరోధించడం గురించి, సమాధి గురించి, కైవల్యం గురించి. ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది, సమాధి ఎనిమిదవది. అంటే శరీరాన్ని నిలకడగా కూర్చోబెట్టడం ఆ పైమెట్ల కోసమే. నేను ఆ గ్రంథాన్ని తక్కువ చేయడం లేదు. అది తన గమ్యం ఏమిటో దాచకుండా చెప్పింది గనుకనే, ఆ గమ్యం మనది కాదని అంటున్నాను. మనం నమ్మేది శరీరం నుండి విడుదలను కాదు, శరీర పునరుత్థానాన్ని. సాధన వలన కలిగే ముక్తిని కాదు, కృప చేత కలిగే రక్షణను.

షద్రకు, మేషాకు, అబేద్నెగో అనువారిని బబులోను రాజు అడిగినది ఒక్క శరీర భంగిమనే. తాను నిలిపిన బంగారు ప్రతిమ ముందు సాగిలపడితే చాలన్నాడు, మనస్సులో ఏమనుకుంటున్నారని అడగలేదు. మనస్సులో యెహోవాను తలచుకొని మోకాళ్లు వంచుదామని వారు సర్దిచెప్పుకోలేదు. శరీరం చేసేది కూడా ఆరాధనే అవుతుందని వారికి తెలుసు.

మరొకటి, ఇది నాకు అన్నిటికంటె ముఖ్యం. నా సంఘంలో ఎక్కువమంది మొదటి తరం విశ్వాసులు. ఇంట్లో అత్తగారు ఇచ్చిన ప్రసాదం తీసుకోవాలా వద్దా, పండగనాడు గడపకు పసుపు రాయాలా వద్దా అని ప్రతివారం కన్నీళ్లతో అడిగేవారు వారు. మూడు తరాల విశ్వాసికి యోగా వ్యాయామంగానే కనిపించవచ్చు. నిన్న మొన్న బయటికి వచ్చినవారికి అది విడిచివచ్చిన ఇంటి తలుపు మళ్లీ తెరుచుకున్నట్లు కనిపిస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, విగ్రహాలకు అర్పించిన ఆహారం తినవచ్చునా అన్న ప్రశ్నకు జవాబిస్తూ పౌలు మాట్లాడింది ఇటువంటివారి గురించే. మీ ఎనిమిదో తరగతి అమ్మాయి మీ వైపు చూడటం మీకు పెద్ద విషయంగా తోచడం సరైనదే.

సాగరతీరం

నేను హిందువును, విశాఖపట్నంలో యోగా నేర్పుతాను. చర్చ మీ మధ్యది కనుక కలుగజేసుకోవచ్చునో లేదో అనుకున్నాను గాని, నేర్పేవాడి మాట కూడా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కాపరిగారు పతంజలి గురించి చెప్పినది సరైనదే. అయితే ఈనాడు మైదానాల్లో జరిగే యోగా అక్కడి నుండి నేరుగా వచ్చింది కాదు. 15వ శతాబ్దానికి చెందినదని చెప్పే హఠయోగ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు పదిహేనే, వాటిలోనూ చాలావరకు కూర్చుని చేసేవి. మనం ఇప్పుడు చూస్తున్న నిలబడే ఆసనాల వరుసలు చాలావరకు 20వ శతాబ్దపు మొదటి సగంలో, మైసూరు రాజప్రాసాదంలో నేర్పిన తిరుమలై కృష్ణమాచార్య వంటివారి చేతుల్లో రూపు దిద్దుకున్నాయి. తరువాత పేరుపొందిన యోగా గురువులు అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఇద్దరూ ఆయన శిష్యులే. సూర్య నమస్కారాలను వ్యాయామంగా ఊరూరా ప్రచారం చేసినది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు. కాబట్టి ఆసనాల వరుసలో దేహదారుఢ్యం కోసం వచ్చినదీ ఉంది, సాధన కోసం వచ్చినదీ ఉంది. రెండూ కలిసిపోయి ఉన్నాయి.

నా తరగతి మాత్రం పతంజలి ప్రార్థనతో మొదలవుతుంది. అయ్యంగార్ పద్ధతిలో అది ఆనవాయితీ. సూర్య నమస్కారాలు చేయించేటప్పుడు ఒక్కొక్క ఆవృత్తికి ‘ఓం మిత్రాయ నమః’ అంటూ పన్నెండు మంత్రాలు చెప్పిస్తాను. అది సూర్యుడికి చేసే నమస్కారమే, వేరే అర్థం చెప్పి ఎవరినీ మభ్యపెట్టను. అందుకే నా దగ్గరికి వచ్చే క్రైస్తవులకూ ముస్లిములకూ మొదటిరోజే చెబుతాను: ప్రార్థన అయ్యాక వచ్చినా ఫరవాలేదు, మంత్రాలప్పుడు మౌనంగా ఉండవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. భక్తి లేనివాడి చేత భక్తి నటింపజేస్తే నా సాధనకే అగౌరవం. 2025లో ప్రధానమంత్రి పాల్గొన్న కార్యక్రమం మా ఊళ్లోనే రామకృష్ణా బీచి నుండి భోగాపురం వైపు తీరం పొడవునా జరిగింది. ఆ జనంలో సిలువ గొలుసు వేసుకున్నవారినీ, టోపీ పెట్టుకున్నవారినీ నా కళ్లతో చూశాను. వారందరి లోపల ఏముందో నేను చెప్పలేను.

నల్లరేగడి

ఇంత దూరం వెళ్లవలసిన పని లేదని నా అభిప్రాయం. ‘శరీర సాధకము కొంచెముమట్టుకే ప్రయోజనకరమవును’ అని తిమోతికి పౌలు రాశాడు. కొంచెమైనా ప్రయోజనమే కదా. కాలు చాపడం, వీపు వంచడం ఏ మతానికీ సొంతం కావు.

ఫాతిమా కొండ

నేను కథోలికురాలిని. మా సభ వైపు నుండి కొన్ని విషయాలు చెప్పాలి, ఎందుకంటే ‘పోపుగారు ఒప్పుకున్నారు’ అనేవారూ ‘పోపుగారు నిషేధించారు’ అనేవారూ ఇద్దరూ సగమే చెబుతుంటారు.

1965లో రెండవ వాటికన్ మహాసభ, ఇతర మతాలలో సత్యమైనదానినీ పవిత్రమైనదానినీ సభ తిరస్కరించదని ప్రకటించింది. తరువాత 1989 అక్టోబరులో, అప్పటి కార్డినల్ రాట్జింగర్ (తరువాత పోపు అయిన 16వ బెనెడిక్ట్) సంతకంతో క్రైస్తవ ధ్యానాన్ని గురించి ఒక లేఖ వెలువడింది. యోగాను ఆ లేఖ నిషేధించలేదు. తూర్పు మతాల పద్ధతులలో ఉపయోగకరమైనవాటిని, క్రైస్తవ ప్రార్థన స్వభావం మరుగున పడకుండా ఉన్నంతవరకు, స్వీకరించవచ్చునని చెప్పింది. అయితే దానిలోనే ఒక గట్టి హెచ్చరిక ఉంది. కొన్ని శారీరక అభ్యాసాల వలన ఒంటికి హాయి, ప్రశాంతత, ఒక్కొక్కప్పుడు వెలుగు చూసినట్లో వెచ్చదనం కలిగినట్లో అనుభూతులు వస్తాయి. వాటిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణగా పొరబడటం ఆత్మీయ జీవితాన్ని పూర్తిగా తప్పుగా అర్థం చేసుకోవడమే అని. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో ఇంతకంటె ఉపయోగకరమైన మాట లేదు. శ్వాస నెమ్మదించగానే మనస్సు నెమ్మదించడం దేహధర్మం. ఆ నెమ్మదిని తెచ్చుకొని ‘ఈరోజు ప్రార్థన బాగా జరిగింది’ అనుకునేవారిని నేను చూశాను. శత్రువును క్షమించలేని మనస్సు కూడా పది నిమిషాల ప్రాణాయామంతో ప్రశాంతపడగలదు, కాని క్షమించకుండానే ఉండిపోతుంది.

మా సభలోనే భిన్నమైన దారులు ఉన్నాయి. తమిళనాడులో కులిత్తలై దగ్గర కావేరి ఒడ్డున 1950లో ఇద్దరు ఫ్రెంచి కథోలిక ఫాదర్లు శాంతివనం ఆశ్రమాన్ని స్థాపించారు. తరువాత అక్కడికి వచ్చిన బీడ్ గ్రిఫిత్స్ కాషాయం ధరించి, ధ్యానం చేసి, బలిపూజ (మాస్) అర్పిస్తూ 1993లో మరణించేదాకా ఉన్నారు. దానికి ఎదురుగా, 2018లో మా కథోలిక సభలోనే ఒక శాఖ అయిన కేరళలోని సీరో-మలబార్ సభ సిద్ధాంత విభాగం యోగా క్రైస్తవ విశ్వాసంతో పొసగదని నివేదిక ఇచ్చింది. మా సభకు వెలుపల, 2020లో గ్రీసు ఆర్థొడాక్సు సభ కూడా అదే మాట ఇంకా కఠినంగా చెప్పింది. ప్రార్థనను శ్వాసతో జతచేసి ‘ప్రభువైన యేసు క్రీస్తూ, నన్ను కరుణించుము’ అని జపించే సంప్రదాయం శతాబ్దాలుగా ఉన్నది ఆ ఆర్థొడాక్సు సన్యాసుల దగ్గరే. శ్వాసను అంతగా ఎరిగినవారే యోగాను కాదన్నారంటే, వారి అభ్యంతరం శరీరం మీద కాదని అర్థమవుతోంది. ప్రార్థన ఎవరి నామంలో జరుగుతోందన్నదే వారికి అసలు సంగతి.

దూరదేశపు చెట్టు

నేను పదేళ్లకు పైగా అమెరికాలోని అలబామాలో ఉంటున్నాను. మనవాళ్లకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి చెబుతాను. ఈ రాష్ట్రంలో 1993 నుండి 2021 వరకు ప్రభుత్వ బడులలో యోగా మీద నిషేధం ఉండేది. ఎత్తివేసినప్పుడు కూడా షరతులు పెట్టారు: ఆసనాల పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలి, మంత్రాలు కూడదు, ‘నమస్తే’ అనకూడదు, తల్లిదండ్రులు అంగీకారపత్రం మీద సంతకం చేయాలి. నిషేధం కొనసాగాలని పట్టుబట్టినవారు ఇక్కడి సంప్రదాయ క్రైస్తవులే.

కాలిఫోర్నియాలో ఎన్సినీటస్ అనే ఊరి బడులలో యోగా నేర్పుతున్నారని కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళితే, 2013లో కింది కోర్టు, 2015లో అప్పీలు కోర్టు బడి వైపే తీర్పు చెప్పాయి. యోగా మూలం మతసంబంధమైనదేనని కింది కోర్టు న్యాయమూర్తి ఒప్పుకున్నారు, కాని ఆ బడిలో నేర్పుతున్న రూపంలో మతం లేదన్నారు. అక్కడ పద్మాసనానికి కూడా పిల్లలు సరదాగా అనుకునే ఇంగ్లీషు పేరు పెట్టారు. ఇటువైపు హిందూ అమెరికన్ ఫౌండేషన్‌వారు, యోగా మూలాలు హిందూ ధర్మంలో ఉన్నాయని అందరూ గుర్తించాలని ఒక ప్రచారమే నడిపారు. వారి బాధ న్యాయమైనదని నా అభిప్రాయం. ఒకరి సంపదను తీసుకొని పేరు చెరిపివేయడం క్రైస్తవుడు చేయదగిన పని కాదు. చేస్తే యోగా అని చెప్పి చేయాలి, లేదా వేరే వ్యాయామం చూసుకోవాలి. మా సంఘంలో ‘క్రైస్తవ యోగా’ అని కరపత్రం వేసినప్పుడు నేను వద్దని చెప్పడానికి కారణం ఇదే.

వెన్నెముక

నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టును. తూర్పుగాలి గారి అన్నయ్య విషయం ఒక్కటే చెబుతాను. దీర్ఘకాలపు నడుము నొప్పికి మందులకంటె ముందు ప్రయత్నించదగిన పద్ధతులలో వ్యాయామంతో పాటు యోగాను కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో తన మార్గదర్శకాలలో చేర్చింది. బోర్లా పడుకోబెట్టి, అరచేతులు నేలకు ఆనించి, ఛాతీని మాత్రమే పైకి లేపమని నేను రోగులకు రోజూ చెబుతుంటాను. అది మా చదువులో ఉన్న కదలికే. పక్క గదిలో దాన్నే భుజంగాసనం అంటారు. ఒకసారి ఒక విశ్వాసి ఆ పోలిక గమనించి మధ్యలో లేచి కూర్చున్నారు. ఆయనను బలవంతపెట్టలేదు. అదే కండరానికి పనికొచ్చే మరో కదలిక నేర్పాను, ఆయన నొప్పి తగ్గింది. మనస్సు ముడుచుకొని ఉంటే ఒళ్లు వదులవదు కనుక, వైద్యం దృష్టితో చూసినా బలవంతం వ్యర్థమే. అన్నట్లు, మెడ అరుగుదల ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు తలకిందుల ఆసనాలకు, కపాలభాతికి దూరంగా ఉండటం మంచిది.

చట్టం చదివినవాడు

టీచర్‌గారూ, మీ విషయంలో ఉద్యోగధర్మం కూడా ఉంది కాబట్టి ఈ సంగతి తెలుసుకోండి. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ వర్గానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని 1985లో బడి నుండి పంపించివేశారు. వారు అందరితో పాటు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు మాత్రం కారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. నిజాయితీతో కూడిన విశ్వాసం వలన నోరు మెదపనివారిని, ఇతరులకు భంగం కలిగించనంతవరకు శిక్షించరాదని దాని సారాంశం. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛనే మొదట చెప్పి, ఆ తరువాతే మతాచరణను చెప్పింది.

పైగా యోగా దినోత్సవపు ఉమ్మడి కార్యక్రమంలో సూర్య నమస్కారాలు లేవు. 2015లో ముస్లిం సంస్థల అభ్యంతరాల తరువాత వాటిని పక్కన పెట్టారు. ఓంకారం తప్పనిసరి కాదని ఆ మరుసటి ఏడాది ఆయుష్ శాఖ చెప్పింది. మిగిలేవి మొదట్లో వచ్చే వేదప్రార్థన, చివర ధ్యానం, సంకల్పం, శాంతిపాఠం. మధ్యలోనివి తాడాసనం, త్రికోణాసనం, వజ్రాసనం వంటి ఆసనాలు, శ్వాస అభ్యాసాలు. కాబట్టి మీరు ‘చేయాలా మానాలా’ అని మొత్తంగా కాక, ఏ భాగంలో నిలబడాలి, ఏ భాగంలో మౌనంగా ఉండాలి అని విడదీసి చూసుకోవచ్చు.

డోర్నకల్ దారి

నేను సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా) సంఘంలో పెద్దను. పైన వచ్చిన మాటలన్నిటినీ చదివాక నాకు పౌలు మాటలే ఎక్కువ వెలుగునిస్తున్నాయి. కాపరిగారు ఎనిమిదో అధ్యాయం దగ్గర ఆగారు, నేను పదవ అధ్యాయానికి వెళతాను. అక్కడ పౌలు, ‘మనస్సాక్షి నిమిత్తము ఏ విచారణయు చేయక కటికవాని అంగడిలో అమ్మునదేదో దానిని తినవచ్చును’ అంటాడు. ఆ మాంసంలో ఎంతో కొంత గుడిలో బలి అయి వచ్చినదేనని కొరింథులో అందరికీ తెలుసు. అయినా దాని పూర్వచరిత్ర తవ్వవద్దన్నాడు. వెంటనే మరో సంగతి చెబుతాడు: ‘ఎవడైనను మీతో ఇది బలి అర్పింపబడినదని చెప్పినయెడల’ తినవద్దు అని. మాంసం అదే, తినేవాడు అతడే. పక్కనున్నవాడు నోరు తెరిచి ఇది అర్పణ అని చెప్పాడు కాబట్టి పరిస్థితి మారిపోయింది.

యోగాకు కూడా ఈ కొలత సరిపోతుందని నేను నమ్ముతున్నాను. ఒక ఆసనం పూర్వచరిత్రను మైసూరు దాకా, పతంజలి దాకా తవ్వుకుంటూ పోతే అంతు ఉండదు. అన్నయ్యగారు ఇంట్లో చాప వేసుకొని నడుము కోసం వీపు వంచడం అంగడిలో కొన్న మాంసం తినడం వంటిదే. గురువు ‘ఇది సూర్యునికి నమస్కారం’ అని పలికినప్పుడు మాత్రం అర్పణ అని చెప్పినట్లే, అక్కడ చేతులు దించుకోవాలి. సాగరతీరం గారు ఆ సంగతి ముందే చెప్పి పెద్ద మేలు చేస్తున్నారు.

కాపరిగారు దానియేలు గ్రంథంలోని ముగ్గురిని చూపారు. రెండవ రాజుల గ్రంథంలో సిరియా సేనాధిపతి నయమాను కూడా ఉన్నాడు. యెహోవాను నమ్మిన తరువాత, తన రాజు తన చేతి మీద ఆనుకొని రిమ్మోను దేవత గుడిలో వంగినప్పుడు తానూ వంగవలసి వస్తుందని, దానిని క్షమించాలని అతడు వేడుకున్నాడు. ప్రవక్త ఎలీషా అతనిని గద్దించలేదు, నెమ్మదిగలిగి పొమ్మన్నాడు. ఒకే బైబిలులో ఆ ముగ్గురికీ, నయమానుకూ చోటుంది. బబులోనులో రాజు ఆరాధననే కోరాడు. నయమాను చేసినది ఉద్యోగధర్మంలో భాగమైన వంగడం.

మన పెద్దలు ఇటువంటి వివేచన ఎన్నోసార్లు చేశారు. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి నాటి నుండి మన కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాలు గుళ్లలో వినిపించేవే. బిషప్ అజరయ్య గారు డోర్నకల్‌లో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దేవాలయంలో హిందూ, ముస్లిం శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి. వాటిని చూసి ఎవరి విశ్వాసమూ చెదరలేదు.

పల్నాటి కాపరి

పెద్దలు చెప్పిన పదవ అధ్యాయం మాట నేను ఒప్పుకుంటున్నాను. అన్నయ్యగారి నడుము విషయంలో నాకు అభ్యంతరం లేదు. అయితే రాగంతో పోలిక నాకు సమ్మతం కాదు. రాగంలో మనం క్రీస్తు నామాన్ని నింపి సంఘమంతా కలిసి పాడాము, దాని అర్థాన్ని మనమే నిర్ణయించాము. మైదానంలో జరిగే యోగాకు అర్థం నిర్ణయించేది మైకు పట్టుకున్నవారు, వరుసలో కూర్చున్న విశ్వాసి కాదు. ధ్యానం భాగాన్ని కూడా వదిలిపెట్టాలని నా సలహా. ‘ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి’ అనే నలభై ఆరవ కీర్తన మనకుంది. దేవుని సన్నిధిలో కనిపెట్టుకొని ఉండటం మన సంఘాలలో పెద్దలు నేర్పినదే. మనస్సును ఖాళీ చేయడం వేరు, వాక్యంతో నింపుకొని ఊరకుండటం వేరు.

తూర్పుగాలి

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను. ప్రార్థన, శాంతిపాఠం వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పిస్తారు, ఆయనకు అవి మనస్ఫూర్తిగా చెప్పగలిగినవి. ఆసనాలు నేను చేయిస్తాను. ప్రార్థన సమయంలో చేతులు జోడించాలా, నిశ్శబ్దంగా కూర్చోవాలా అన్నది ఎవరి ఇష్టం వారిదని ముందురోజు అసెంబ్లీలో పిల్లలందరికీ చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారు. ఒక్క మతం పిల్లలకే కాక అందరికీ చెప్పాలని నేనే కోరాను, లేకపోతే కొందరు పిల్లలు వేరుగా కనిపిస్తారు. ఆ అమ్మాయి తల్లితో ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడతాను. మా అయ్యగారికి కూడా ముందే చెప్పి వెళతాను. ఆయనకు నచ్చకపోవచ్చు గాని, ఎవరి ద్వారానో వినడం మాత్రం ఉండకూడదు.

ఫాతిమా కొండ గారూ, ఒక సందేహం మిగిలింది. శ్వాస అభ్యాసాలు నేను చేయించవచ్చునా? అక్కడ మంత్రమేమీ ఉండదు.

ఫాతిమా కొండ

మంత్రం లేకుండా, సంఖ్య లెక్కపెట్టుకుంటూ చేయించేదైతే నా మనస్సాక్షికి ఇబ్బంది లేదు. పిల్లలకు దాన్ని శ్వాస అభ్యాసమనే చెప్పండి, దేవుని దగ్గరికి దారి అని మాత్రం చెప్పవద్దు. మీ మనస్సాక్షి సంగతి మీరే తేల్చుకోవాలి. ‘ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను’ అని రోమీయులకు రాసినది ఇటువంటి చోటికే. రూఢి కలగకపోతే ఆ భాగాన్ని కూడా వ్యాయామ ఉపాధ్యాయునికే వదిలేయండి.

పల్నాటి కాపరి

అదే అధ్యాయం చివర ‘విశ్వాసమూలము కానిది ఏదో అది పాపము’ అని కూడా ఉంది సహోదరీ, ఆ రెండు వచనాలూ కలిపి చదువుకోండి. మీ ఏర్పాటు నేను చేసుకునేది కాదు, కాని దానిలో దాపరికం లేదు, ఎవరినీ బలవంతపెట్టడం లేదు. మా సంఘంలో ఈ ఆదివారం నుండి కొరింథీయుల ఎనిమిది, తొమ్మిది, పది అధ్యాయాలు వరుసగా బోధించాలని అనుకుంటున్నాను, ఎందుకంటే మా పిల్లలు కూడా ఆ రోజు ఏదో ఒక బడిలో ఆ వరుసలలోనే కూర్చుంటారు.